వేగిస దుంగను పోల్చుకొనుట



చెట్టు నిలిచియున్నంతవరకు దానిని పోల్చుకొనుట కష్టము కాదు. ఆకు, పువ్వు, కాయ సాక్ష్యము చెప్పును. వేగిసకు గుండ్రని రెక్కగల ఆ కాయ యొక్కటియే చాలును. కాని నఱికి, కొమ్మలు కొట్టివేసి, అడితికి చేర్చిన దుంగకు ఆ సాక్షు లెవ్వరును మిగులరు. అప్పుడు మనము చూడవలసినది కోసిన ముఖము.

ఈ సంగతి నేను సొమ్ము పోగొట్టుకొని నేర్చుకొంటిని. మా పెద్దమ్మాయి పెండ్లికి ముందు వీధివాకిలి ద్వారబంధము మార్పింపదలచి, వేగిస యని చెప్పిన దుంగ నొకదానిని కొంటిని. బరువు చూచి మురిసితినే గాని, అది పచ్చికట్టెలోని నీటి బరువని తోచలేదు. ఱంపము పెట్టించిన పిదప వడ్రంగి పిలిచి చూపెను. చుట్టును బెత్తెడు మందమున తెల్లకట్టె. నడుమ పిడికిలంత చేవ. అదియును వేగిస కాదు, దిరిసెన. దిరిసెన చెడ్డకట్టె యనను. దాని నల్లచారల చేవను చూచి పరదేశపు వర్తకులు తూర్పిండియా వాల్‌నట్ అని పేరు పెట్టుకొనిరి. అయితే నాకు దక్కినది చేవ కాదు గదా! వడ్రంగి వలదన్నను, లగ్నము దగ్గఱపడుటచే ఆ తెల్లదానితోనే పని కానిచ్చితిని. రెండవ వానకాలమునకు గడప ప్రక్కన పిండి రాలెను. పురుగు తెల్లదానినంతయు తిని చేవ దగ్గఱ ఆగినది. బంధము ఊడబెఱికితిమి.

ఎండకు, బురదకు నల్లబడిన పాతముఖము చూచి లాభము లేదు. ఉలితో కొంతమేర చెక్కించి, చేవ వెడల్పెంతో ముందు కొలుచుకొనుడు. వేగిసకు తెల్లభాగము సన్నము. చేవ పసుపు కలసిన గోధుమవన్నెతో, ముదురు చారలతో నుండును. బెరడు అంచున ఎండిన నెత్తురువంటి జిగురు కనబడినచో నమ్మకము పెరుగును. టేకైనచో ఏటేటి వలయము వెంట సన్నని రంధ్రముల వరుస కంటికే కనబడును. తాకిన జిడ్డు, మూర్కొనిన పాతతోలు వాసన. నల్లమద్ది బెరడు మొసలివీపే.

వేగిసకు వేఱొక పరీక్ష యున్నది. చేవను చిత్రికపట్టిన పొట్టు గుప్పెడు తీసి, గాజుగ్లాసులోని నీటిలో రాత్రి నానవేయుడు. తెల్లవాఱి వెలుతురుకెత్తి చూచిన నీరు తేనెవన్నె. నల్లగుడ్డ ముందుంచి ఎండలో ప్రక్కనుండి చూచిన నెమలికంఠపు నీలిమెఱపు. మొదటిసారి మా పిల్లలు ఆ గ్లాసును నా చేతికియ్యలేదు. 1565లో మోనార్డెస్ అను స్పెయిన్ వైద్యుడు మెక్సికోనుండి వచ్చిన యొక కట్టెనీటిలో నిట్టి నీలిమనే వర్ణించెను. వేగిస నీటిని మధుమేహమునకు త్రాగువారున్నారు. నేను కలపను గూర్చి మాత్రమే చెప్పుచున్నాను. దీని దాయాది ఎఱ్ఱచందనము చేవ అంత ఎఱ్ఱనిదైనను చన్నీటికి రంగు దాదాపు వదలదు.

పొట్టు తీయనీయని చోట బేరము మానుడు. అడవినుండి వచ్చిన దుంగకు కోతముఖముననే అటవీశాఖవారి సుత్తిముద్ర యుండును. చెక్కించునప్పుడు దానిని చెఱుపక, రవాణాచీటీతో సరిచూచుకొని, పిదపనే బయానా ఇయ్యుడు.