తాగుడు మానిన ఇంట్లో



దూబగుంట కథ మీరు వినే ఉంటారు. నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్లు రాత్రిబడిలో చదువుకున్నారు. ఏకమై సారాయి అంగడి మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలన్నిటికీ పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాయిని నిషేధించింది. 1995 జనవరిలో మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు.

అది అంగడి సంగతి. ఈ రోజు ఇంటి సంగతి మాట్లాడుకుందాం. మొగుడు తాగుడు మానితే కష్టాలు తీరినట్టేనా?

మొదట ఒంటి సంగతి. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి. నిద్ర రాదు. కొందరికి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. లేనివి కనబడతాయి. గాలి సోకిందనుకోవద్దు. అది ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాల. బోయకొండ గంగమ్మ మీద ఒట్టు పెట్టించుకుంటే పెట్టించుకోండి. డాక్టరును కూడా అడగండి.

మొగునికి తెలియకుండా సంగట్లో కలపమని కొందరు మందు అమ్ముతారు. కలపొద్దు. అలాంటి మందు కడుపులో ఉండగా తాగితే ప్రాణమే పోవచ్చు.

ఇక మనసుల సంగతి. మన కేంద్రానికి వచ్చే ఒక అక్క మొగుడు తాగుడు మాని నాలుగు నెలలైంది. అయినా సాయంత్రం చెప్పుల చప్పుడు వింటే ఆమె కొడుకు మూలకు పోయి కూర్చుంటాడు. అది చూసి ఆయనకు కోపం. "మానేసినా కదా, ఇంకా ఏమి?" అంటాడు. ఏండ్ల తరబడి భయపడిన బిడ్డ నాలుగు నెలల్లో మరచిపోతాడా? "వాణ్ణి బలవంతంగా దగ్గరికి లాగొద్దు. రోజూ చెప్పిన యాళకు ఇంటికి రా, చాలు" అంది అక్క.

దుడ్ల దగ్గరా తగువే. టమోటాలు అమ్మిన దుడ్లు ఇన్నాళ్లూ అక్కే దాచింది. "ఇప్పుడు నాకియ్యి" అన్నాడు ఆయన. ఆమె ఇవ్వలేదు, తిట్టనూ లేదు. నోటుబుక్కు ముందర పెట్టింది. వచ్చింది ఇంత, పోయింది ఇంత అని తాను రాసిన లెక్క చూపింది. (మన చదువు ఇట్లా కూడా పనికొచ్చింది చూడండి!) ఇప్పుడు వారానికోసారి ఇద్దరూ కూర్చుని లెక్క రాస్తారు.

నడుమ ఒకసారి పెండ్లికి పోయి తాగి వచ్చాడు. చాలామందికి ఇట్లా జరుగుతుంది. ఆ రాత్రి ఆమె ఏమీ అడగలేదు. తెల్లారినాక అడిగింది. మళ్లీ ఆస్పత్రికి తీసుకుపోయింది. అయితే ఒక మాట. కొడితే మాత్రం ఓర్చుకోవద్దు. మారుతున్నాడు కదా అని దెబ్బలు తినే పని లేదు. ఇంట్లో హింస నుంచి ఆడవాళ్లను కాపాడే చట్టం 2005లోనే వచ్చింది.

మొన్న ఆ పిల్లోడు నాయన వెంట తోటకు పోయినాడంట. ఏమీ మాట్లాడలేదంట. గట్టు మీద నాయన పక్కనే కూర్చుని చెనిక్కాయలు తిన్నాడంట.