బడి మార్కులు – బడిలోని బిడ్డలు

(నూజివీటి పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



వేసవి వచ్చినదనగా మన నూజివీటి సీమలో రెండు లెక్కలు వినవచ్చును. చిన్నరసము ఎంత పలికెను, బంగినపల్లి లారీలు ఎన్ని కదలెను అనునది మొదటిది. ఏ బడి బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినవి అనునది రెండవది. మొదటి లెక్కలో మనవారు మిక్కిలి నేర్పరులు. నేల ఎట్టిది, నీరు అందినదా, పూత మాడినదా అని విచారింపక ఏ తోట కాపును మంచిదనరు, చెడ్డదనరు. రెండవ లెక్కలో ఈ విచారణ కానరాదు. సర్కారు బడిలో చదువు లేదని ఒక్క మాటతో తీర్పు చెప్పి లేచిపోదుము. ప్రతివాదికి నోటీసైనను పంపక ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ వంటిది ఈ తీర్పు.

మార్కులను చూచుటకు ముందు బడిలో ఎవరు కూర్చున్నారో చూడవలయును. ఇది క్రొత్త పద్ధతి కాదు. 1822లో చెన్నరాజధాని గవర్నరు మన్రో బడుల వివరములు పంపుడని కలెక్టర్లను కోరెను. 1826 నాటికి రాజధాని యంతటను 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు లెక్కకు వచ్చిరి. ఆ పట్టికలలో బిడ్డలను కులముల వారీగా ఎంచిరి. తెలుగు జిల్లాల వీధిబడులలో సగమునకు మించి బ్రాహ్మణ వైశ్య బాలురే. బాలికలు అత్యల్పము.

నేడు ఆ పట్టిక తలక్రిందులైనది. నాడు గడప తొక్కనివారి మనుమల మనుమలే నేడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు ప్రాణము. నాడు లోపల కూర్చున్నవారి సంతతియు, వారి వెనుక కలిమి గడించిన ఇతర కుటుంబములును కాన్వెంటు బస్సు ఎక్కి వెడలిపోయిరి. కొడుకును ఫీజు చెల్లించి చదివించి, కూతురును సర్కారు బడికి పంపు ఇండ్లు నేటికిని కలవు. అనగా రెండు బడుల మార్కులను ప్రక్కప్రక్కన పెట్టినపుడు మనము పోల్చుచున్నది బడులను కాదు, ఇండ్లను.

మన సీమలో ఆ ఇండ్లెట్టివి? తోట కాపలాకై గుడిసెలో కాపురముండువారివి. కోతలనాడు తెల్లవారకమునుపే లేచి పోవు కూలీలవి. కోతలకును సంవత్సర పరీక్షలకును ఏప్రిల్ మాసమే ముహూర్తము. తల్లిదండ్రులు తోటలో నుండగా చంటిబిడ్డను చూచుకొను అక్క బడికి ఎట్లు వచ్చును? మన పొరుగున ఎ. కొండూరు వైపు లంబాడీ తండాలు కలవు. అచటి బిడ్డకు ఇంటి భాష ఒకటి, బడిలో తెలుగు రెండవది, పుస్తకములోని ఇంగ్లీషు మూడవది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరబిడ్డలకై సవరభాషలోనే వాచకములు వ్రాసిరి. ఇంటి మాట నుండి బడి మాటకు వంతెన కట్టవలెనని వారు ఎరిగిరి. 2009 విద్యాహక్కు చట్టము 29వ సెక్షను సైతము వీలైనంతవరకు మాతృభాషలోనే బోధింపుమనుచున్నది.

ఇండ్ల భేదమును తీసివేసి చూచిన నేమగును? కార్తీక్ మురళీధరన్ మొదలగు పండితులు 2008 నుండి నాలుగేండ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 180 గ్రామములలో ఈ పరీక్ష చేసిరి. చీటీలు తీసి, పేరు వచ్చిన పేద బిడ్డలకు ఫీజులిచ్చి ప్రైవేటు బడులకు పంపిరి. నాలుగేండ్ల పిమ్మట తెలుగులోను గణితములోను ఆ బిడ్డలకును సర్కారు బడిలో నిలిచిన బిడ్డలకును చెప్పదగిన భేదము కానరాలేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడి బిడ్డలు ముందుండిరి. అయితే ఒక్కొక్క బిడ్డకు ప్రైవేటు బడి పెట్టిన వ్యయము సర్కారు వ్యయములో మూడవ వంతు మాత్రమే. కావున సర్కారు బడి నిర్దోషి యని చంకలు గుద్దుకొన నక్కరలేదు. మోపిన నేరము వేరు, ఉన్న దోషము వేరు, అంతియే.

ఆ దోషమును దాచుట మా ఉద్దేశము కాదు. ప్రథమ్ సంస్థవారి అసర్ నివేదిక ప్రకారము మన రాష్ట్రపు పల్లెలలో మూడవ తరగతి బిడ్డలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు 2018లో నూటికి 22.6, 2022లో 10.3. నడుమ కరోనా మూలమున బడులు మూతబడినవి. ఇది ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండును కలిసిన లెక్క యని మరువరాదు. బస్సు ఎక్కి పోయిన బిడ్డయు ఇందున్నాడు.

ఒకటి నుండి ఐదు వరకు తరగతులు, అరువదిమంది లోపు బిడ్డలు గల బడికి చట్టము చూపినది ఇద్దరు ఉపాధ్యాయులను. ఇద్దరు అయిదు తరగతులకు ఎట్లు చాలుదురు? చాలరనియే 2022లో 117వ జీవో తెచ్చి 3, 4, 5 తరగతులను సమీపపు ఉన్నత పాఠశాలలకు తరలించిరి. బడి దూరమైనదని తల్లిదండ్రులు మొరపెట్టిరి. 2025లో ఆ జీవోను ఉపసంహరించిరి. బిడ్డలు తగ్గిరని ఉపాధ్యాయుని తీయుట, ఉపాధ్యాయుడు లేడని బిడ్డను మాన్పించుట — ఈ గానుగ తిరుగుచున్నంత కాలము పేదవాని బడి పిప్పియగుచునే యుండును.

1911లో గోఖలేగారు నిర్బంధ ప్రాథమిక విద్యకై బిల్లు తెచ్చిరి, అది వీగిపోయెను. హక్కుగా ఆ విద్య చట్టమగుటకు 2009 వరకు, అనగా తొంబదియెనిమిది ఏండ్లు పట్టెను. అంత కాలమునకు దక్కిన చట్టమును బీరువాలో పెట్టుట న్యాయమా? దాని 21వ సెక్షను ప్రకారము బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు ఉండవలయును. సభ్యులలో సగము స్త్రీలు. 24వ సెక్షను ప్రకారము ప్రతి బిడ్డ నేర్పును కనిపెట్టి, వెనుకబడినవానికి అదనముగా బోధించుట ఉపాధ్యాయుని విధి. కూలికి పోవు తల్లి కమిటీలో కూర్చుని ఈ రెండు సెక్షనులను అడుగగలిగిననాడు ఇన్‌స్పెక్టరు రాకకై ఎదురుచూడ నక్కరలేదు.

బిడ్డ వచ్చిన స్థితిని చూచి మార్కును ఎంచు నీతికి నిదర్శనము మన ఊరనే కలదు. 2008లో ఇచట వెలసిన ట్రిపుల్ ఐటీ ప్రవేశములలో ప్రభుత్వ బడుల బిడ్డలకు నూటికి నాలుగు వంతున కలిపి లెక్కించు నియమము కలదు. పదవ తరగతి ముగిసిన పిదప చూపు ఆ కనికరము ఒకటవ తరగతిలోనే ఏల చూపరాదు? ఈ బడిలో ఎన్ని మార్కులు వచ్చినవని కాక, జూన్‌లో అక్షరము రాని బిడ్డ మార్చినాటికి ఎంత దూరము నడచెనని అడుగుడు.

ఈ పఠనమందిరమునకు నిత్యము వచ్చు మీలో పెక్కుమంది బిడ్డలు ఆ బడిలో లేరు. అందువలననే మీతో మనవి చేయుచున్నాము. బడి తెరచిన పిమ్మట పెద్దపంతులుగారి అనుమతితో మూడవ తరగతికి పొండు. ప్రతి బిడ్డచేతను రెండవ తరగతి వాచకము ఒక పుట చదివింపుడు. చదువలేనివారి పేర్లు వ్రాసికొనుడు. సాయంత్రము ఒక గంట ఈ బల్లలపై వారికి చోటిండు. దీపము, పుస్తకములు, చదువుకొన్న మనుష్యులు ఇచటనే యున్నారు.