మెటల్ గేర్ సాలిడ్, థీఫ్: దాక్కోవడంలో రెండు దారులు

ఈ ఎపిసోడ్‌లో రెండు పాత గేమ్స్ పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ 1998లోనే వచ్చాయి. ఒకటి ప్లేస్టేషన్‌లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్. కొనామీ కంపెనీది, డైరెక్టర్ హిదెయో కొజిమా. రెండోది పీసీలో వచ్చిన థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్, లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ వాళ్ళది. రెండింట్లోనూ మన పని ఒకటే, ఎవరి కంటా పడకుండా లోపలికి వెళ్ళడం. కానీ ఆడుతుంటే పుట్టే భయం మాత్రం ఒకటి కాదు. ఎందుకు కాదో చూద్దాం.

ముందు మెటల్ గేర్. అలాస్కాలో షాడో మోజెస్ అనే దీవి, అక్కడో మిలటరీ స్థావరం. మనం సాలిడ్ స్నేక్. కెమెరా ఎక్కువగా పైనుంచి చూపిస్తుంది. తెర మూలన రాడార్ ఉంటుంది. అందులో గార్డు ఒక చుక్క, వాడి చూపు ఎంత దూరం పోతుందో చూపే ఒక ముక్కోణం. ఆ ముక్కోణంలో అడుగు పెట్టనంతవరకు మనం క్షేమం. గోడ మీద తట్టి గార్డుని పక్కకి లాగొచ్చు, అట్టపెట్టె కింద దూరి కూర్చోవచ్చు. మంచులో మన అడుగుల జాడ పడితే మాత్రం వాడు దాన్ని పట్టుకుని వచ్చేస్తాడు. దొరికిపోయామా, ముందు పోయేది ఆ రాడారే! ఇది చాలా తెలివైన రూల్ అండి. అప్పటిదాకా దేని మీద ఆధారపడ్డామో సరిగ్గా దాన్నే లాగేసుకుంటుంది.

ఇప్పుడు థీఫ్. ఇక్కడ మనం గారెట్ అనే దొంగ, అంతా అతని కళ్ళతోనే చూస్తాం. రాడార్ లేదు. మ్యాప్ కూడా చేత్తో గీసినట్టు, అరకొరగా ఉంటుంది. తెర కింద ఒక రత్నం ఉంటుంది. మనం వెలుగులో ఉంటే అది మెరుస్తుంది, చీకట్లో ఉంటే నల్లబడుతుంది. అంతే, శత్రువు ఎక్కడున్నాడో అది చెప్పదు. దానికి మన చెవులే దిక్కు. గార్డు ఈల వేస్తాడు, తనలో తను గొణుక్కుంటాడు. అవి విని గోడ అవతల ఎంత దూరంలో ఉన్నాడో మనమే లెక్క వేసుకోవాలి. వాళ్ళకీ చెవులున్నాయి కదా! తివాచీ మీద నడిస్తే చప్పుడుండదు, రాతి పలకల మీదో ఇనుము మీదో నడిస్తే ఊరంతా వినిపిస్తుంది. అందుకే నీటి బాణంతో కాగడా ఆర్పడం, నాచు బాణంతో నేలని మెత్తగా చేసుకోవడం.

గమనించారా? మెటల్ గేర్ మనకి శత్రువు గురించి చెబుతుంది. థీఫ్ మన గురించి మనకి చెబుతుంది. ఒకదాంట్లో 'వాడు ఎటు చూస్తున్నాడు' అని ఆలోచిస్తాం. ఇంకోదాంట్లో 'నేను ఎంత కనబడుతున్నాను' అని ఆలోచిస్తాం. ఆ చెప్పని సగంలోనే ఉంది భయం అంతా. 2012లో వచ్చిన డిస్‌ఆనర్డ్‌లో డార్క్ విజన్ అని ఒక శక్తి ఉంది, గోడల అవతల ఉన్న మనుషుల్ని కూడా చూపిస్తుంది. సౌకర్యమే, కాదనను. కానీ అది వాడినంతసేపు తలుపు దగ్గర ఆగి, ఊపిరి బిగబట్టి వినే అవసరం ఉండదు.

ఇంకో తేడా, చంపడం. మెటల్ గేర్ కథలో విలనే స్నేక్‌ని నిలదీస్తాడు, నీకు చంపడం ఇష్టం అని. మాట గట్టిదే, కానీ ఆట రూల్స్ మనల్ని ఆపవు. థీఫ్ ఉపన్యాసం ఇవ్వదు. ఎక్స్‌పర్ట్ లెవెల్ పెట్టుకుంటే మనిషి ప్రాణం తీసిన క్షణమే మిషన్ పోతుంది. మంచి దొంగకి కత్తితో పనేంటి అన్నట్టు! ఈ ఒక్క విషయంలో నా ఓటు థీఫ్‌కే.

మరి ఏది ముందు ఆడాలి? ఈ తరహా గేమ్స్ కొత్త అయితే మెటల్ గేర్‌తో మొదలుపెట్టండి, రాడార్ మీకు ఓపిక నేర్పుతుంది. తర్వాత థీఫ్. దానికి మాత్రం రాత్రిపూట, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోండి. క్విక్ సేవ్ ఉంది కదా అని అడుగడుక్కీ నొక్కకండి. దొరికితే పోయేది ఏమీ లేనప్పుడు దాక్కోవడంలో మజా ఏముంటుంది చెప్పండి?

మీ ఓటు దేనికో కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.