క్లబ్బు గుమ్మానికీ చట్టం ఉంది



విశాఖలో సభ్యులకు మాత్రమే పరిమితమైన క్లబ్బులున్నాయి. అరకులోయలో రిసార్టులు పెరిగాయి. ‘ఇది ప్రైవేటు స్థలం, మా ఇష్టం’ అంటూ చక్రాల కుర్చీలో వచ్చిన మనిషిని వెనక్కి పంపవచ్చా?

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని ఒప్పుకోదు. ప్రైవేటు సంస్థ అంటే కంపెనీ ఒక్కటే కాదు. సొసైటీ, సంఘం, ట్రస్టు కూడా అని ఆ చట్టమే చెబుతోంది. సొసైటీగా రిజిస్టరైన క్లబ్బు ఆ నిర్వచనంలోకే వస్తుంది. న్యాయమైన ప్రయోజనం కోసం, తగిన మేరకే చేశామని చూపించగలిగితే తప్ప వైకల్యం పేరిట తేడా చూపకూడదు. సహేతుకమైన సదుపాయం నిరాకరించడమూ వివక్షే. అందుబాటు నియమాలు పాటించని ప్లానుకు భవన అనుమతి ఇవ్వకూడదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.10 వేల వరకు, మళ్ళీ చేస్తే రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా.

ఈ అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నియమాలు కావాలని 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

మన్యం శ్రోతలు మరొకటి గుర్తుంచుకోవాలి. చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి, తలసీమియా కూడా ఉన్నాయి. పైకి కనబడని బాధకూ చట్టం అండ ఉంది.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం తీసుకోండి. ఎక్కడైనా వివక్ష ఎదురైతే కారణం రాతపూర్వకంగా అడగండి. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. క్లబ్బు, రిసార్టు నిర్వాహకులారా, ఫిర్యాదు వచ్చేదాకా ఆగకండి. ముందే ర్యాంపు కట్టించండి.