ఒకే టోపీ, రెండు జీతములు



నేడు మేము అమెరికా విమానచోదకుల జీతములను గూర్చి మాటలాడ నెంచితిమి. దూరపు సంగతి యని త్రోసివేయవలదు. చదువులకై ఆ దేశమునకు పోయిన మన పిల్లలు పెద్ద నగరమున దిగి, చిన్న పట్టణమునకు పోవ మరియొక విమాన మెక్కుదురు. దానిపై పెద్ద కంపెనీ పేరే యుండును. టిక్కెట్టును ఆ కంపెనీదే. నడపువాడు మాత్రము తరచుగా వేరొక చిన్న కంపెనీ జీతగాడు.

ఆ దేశపు పైలట్లు 1931లో చికాగోలో సంఘము స్థాపించుకొనిరి. 1936లో రైల్వే కార్మిక చట్టమును విమాన కంపెనీలకును వర్తింపజేసిరి. ప్రతి కంపెనీ పైలట్లును ఓటువేసి తమ ప్రతినిధి సంఘము నెన్నుకొందురు. ఒడంబడికయు కంపెనీ కంపెనీకి వేరు. సమ్మె కట్టవలెనన్న మధ్యవర్తుల బోర్డు విడిచిపెట్టవలెను, అటుపై ముప్పది దినము లాగవలెను. ఈ యోపిక ఎవరికి లాభమో తాము గ్రహింపగలరు.

1978లో ప్రభుత్వము ఈ వ్యాపారముపై అదుపు సడలించుటకు చట్టము చేసినది. పోటీ పెరిగెను. పెద్ద కంపెనీలు చిన్న మార్గములను చౌకగా నడపువారి కప్పగింపసాగెను. తమ పని కరగిపోవుచున్నదని పెద్ద పైలట్లు తమ ఒడంబడికలలో 'స్కోప్' అను షరతు పెట్టించిరి: బయటివారు నడపు విమానములు ఇన్నే, వానిలో సీట్లు ఇన్నే యని. నేడు ప్రధాన కంపెనీలలో ఆ హద్దు 76 సీట్లు. తన కంచమును కాపాడుకొనువానిని మేము తప్పు పట్టము. కాని కంచె కవతల నున్నవాడును అదే సంఘమునకు చందా చెల్లించువాడే యైనచో న్యాయ మెట్లు కుదురును?

కామ్‌ఎయిర్ పైలట్ల కథ ఇదియే. కంపెనీ డెల్టా సొత్తు. సంఘము డెల్టా పైలట్ల సంఘమే. తమ జాబితాను డెల్టా జాబితాలో కలుపుడని వారు కోరగా సంఘ మంగీకరింపలేదు. కొందరు 2001లో తమ సంఘముపైననే వ్యాజ్యము తెచ్చిరి. ఆ యేడే 89 దినములు సమ్మె చేసి కొంత మేలు సాధించిరి. 2012లో కంపెనీ మూతపడెను. జాబితా యనగా ఈ వృత్తిలో ప్రాణము. జీతము, సెలవు, కెప్టెను పదవి అన్నియు అందలి వరుసను బట్టియే. కంపెనీ మారినవాడు ఎన్ని వేల గంటలు నడపియున్నను అట్టడుగున చేరవలసినదే. వేతనమును విమానము కదలిన గంటలకే. విమానాశ్రయమున కాచుకొన్న గంటలు చాలవరకు లెక్కకు రావు.

2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ విమానము కూలి 50 మంది మరణించిరి. కెప్టెను హెచ్చరికకు తప్పుగా స్పందించుటయే కారణమని విచారణలో తేలినది. జీతము చంపినదని మేము చెప్పము. అయినను రెండవ పైలటుకు ఏటా 20,000 డాలర్లకు అటునిటు మాత్రమే ముట్టుచున్నదని, ఆమె పశ్చిమ తీరమునుండి రాత్రంతయు ప్రయాణించి పనికి వచ్చినదని విని దేశము నివ్వెరపోయినది. 2010లో చట్టము చేసిరి; 2013 నుండి రెండవ పైలటుకును సాధారణముగా 1,500 గంటల యనుభవము ఆవశ్యకమైనది.

కరోనా అనంతరము పైలట్లు కొరవడిరి. 2022లో అమెరికన్ కంపెనీకి చెందిన ఎన్‌వాయ్, పీడ్‌మాంట్, పీఎస్‌ఏలలో క్రొత్తవానికి గంటకు 90 డాలర్లు ప్రకటించిరి. 2023లో డెల్టా పైలట్లకు నాలుగేండ్లలో మొత్తము 34 శాతము హెచ్చింపు లభించెను. దశాబ్దములు అడిగినను రానిది కొరత యొక్క సంవత్సరమున వచ్చెను. కొరత తీరిననాడు ఆ చిన్న పైలటు పక్షమున ఎవరు నిలుతురు? పై మూడు కంపెనీల పైలట్లు 1931 నాటి సంఘమున నున్నారు; అమెరికన్ పైలట్లు 1963లోనే విడిపోయి వేరు సంఘము పెట్టుకొనిరి. యజమాని యొక్కడే. అతనితో బేరమాడు బల్లలు నాలుగు.