పికప్ బండి గేర్‌బాక్సు కారితే మేం నేర్చుకున్నది

(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకంటే ముందు మాట్లాడినవాళ్ళు మద్దతు ధర గురించి, కరెంటు గురించి చెప్పారు. మేం మా ఊరి పికప్ బండి గురించి చెప్తాం. నవ్వకండి. పోయిన ఎండాకాలం ఆ బండి మమ్మల్ని బాకీ పెట్టింది, మా మధ్య తగువూ పెట్టింది.

మేం పదకొండు ఇళ్ళవాళ్ళం కలిసి ఆరేళ్ళ కింద ఆ బండి కొన్నాం. అప్పటికే అది పాతది. టమోటా కోతలొస్తే మదనపల్లె మార్కెట్టుకు బాడుగ బండివాళ్ళు ఎంతంటే అంత ఇవ్వాల్సి వస్తోందని, తలా కొంత వేసుకుని కొన్నాం. మాలో ఒకాయన కొడుకు డ్రైవరు. ఐదేళ్ళు బాగా తిరిగింది.

పోయిన కోతల్లో ఒకనాడు ఆ పిల్లోడు వచ్చి, "పెదనాయనా, బండి కింద నూనె చుక్కలు పడతా ఉండాయి" అన్నాడు. పాత బండి కదా, చుక్క కారకుండా ఉంటుందా అని మేమే కొట్టిపారేశాం. తరవాత పదిహేను రోజులకు, నడిరాత్రి, లోడుతో మిట్ట ఎక్కుతుంటే గేర్‌బాక్సు అరవడం మొదలుపెట్టింది. మూడో గేరు పడలేదు. ఇంకో బండి తెప్పించి క్రేట్లు మార్చి మండీకి చేరేసరికి వేలం అయిపోయింది. అరవై క్రేట్లు అడిగిన రేటుకు ఇచ్చేసి వచ్చాం. మరునాడు అందరం కూర్చుని ఆ పిల్లోడినే తిట్టాం. గేర్లు గుంజి గుంజి వేస్తాడని, లోడు లెక్క చూసుకోడని. లోడు వేసింది మేమే. వాడు తాళాలు మా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

టౌనులో మొదటి షెడ్డువాళ్ళు, "గేర్‌బాక్సు మొత్తం దింపాలి, ఇరవై రెండు వేలు" అన్నారు. రెండోచోట వెనక ఆయిల్ సీలు మార్చి ఐదొందలు తీసుకున్నారు. ఇరవై రోజులకు మళ్ళీ కారింది. బండి అమ్మేద్దామని సగం మంది పట్టుబట్టారు. చివరికి లారీల మీద జీవితమంతా పనిచేసిన ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి పోయాం. ఆయన పానా పట్టుకోలేదు. "ముందు కడగండి, తరవాత మాట్లాడదాం" అన్నాడు.

ఆయన చేయించింది చెప్తాం, జాగ్రత్తగా వినండి. గేర్‌బాక్సును డీజిల్లో ముంచిన బ్రష్షుతో శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టించాడు. తరవాత ఇంట్లో ముగ్గుపిండి తెప్పించి దాని మీద పలచగా చల్లించాడు. బండిని ఐదారు కిలోమీటర్లు తిప్పి తెమ్మన్నాడు. తెల్లటి పిండి మీద తడి గీత ఎక్కణ్ణుంచి మొదలైందో కంటికి కనపడింది. బండి పోతున్నప్పుడు గాలికి నూనె వెనక్కి పాకుతుంది, కాబట్టి చుక్క రాలిన చోటు పట్టుకుని లాభం లేదు. తడి ఉన్నంతలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న జాగా చూడాలి.

ఏ నూనె అనేది కూడా తెలియాలి. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా ఉంటుంది. గేర్ ఆయిల్ చిక్కగా జిగటగా ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన కొడుతుంది. బ్రేక్ ఆయిల్ నీళ్ళలాగా పలచన. ఇంజినుకూ గేర్‌బాక్సుకూ మధ్య కింద చుక్క పడితే అది ఇంజిను వెనక సీలు కావచ్చు, గేర్‌బాక్సు ముందు సీలు కావచ్చు. వాసన చూడకుండా గేర్‌బాక్సు దింపితే కూలి దండగ.

మా బండికి తడి వెనక పక్క, ప్రొపెల్లర్ షాఫ్టు బయటికొచ్చే సీలు దగ్గరే ఉంది. కొత్త సీలు వేసి నెల కాలేదు, మరి ఎందుకు కారింది? ఆయన గేర్‌బాక్సు నెత్తిన వేలు పెట్టి చూపించాడు. అక్కడ చిన్న టోపీలాగా ఒకటుంటుంది, దాన్ని బ్రీదర్ అంటారు, గేర్‌బాక్సు గాలి పీల్చుకునే ముక్కు. బండి తిరిగేకొద్దీ లోపలి నూనె వేడెక్కుతుంది, గాలి ఉబ్బుతుంది. ఆ గాలి బ్రీదర్ గుండా పోవాలి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి నూనెను సీలు అంచులో నుంచి బయటికి తోస్తుంది. మా బ్రీదర్ నిండా బురద గట్టిపడి ఉంది. తడి చేలల్లోకి బండి దింపింది ఎవరు? మేమే. కాలవలో దింపి కడిగింది ఎవరు? మేమే.

బ్రీదర్ విప్పి డీజిల్లో కడిగి, నోటితో కాకుండా గాలి పంపుతో ఊది, గాలి పోతోందని చూసుకుని బిగించాం. షాఫ్టు విప్పేముందు రెండు పక్కలా సున్నంతో గుర్తు గీయించాడు. మళ్ళీ అదే గుర్తుకు బిగించకపోతే బండి అదురుతుందట. సీలు ఆనే చోట షాఫ్టు మీద గోరుతో గీకి చూశాడు. గోరు తగిలేంత గాడి పడితే ఎన్ని సీళ్ళు మార్చినా కారుతుంది, ఆ ముక్క మార్చాల్సిందే. మాది ఇంకా నున్నగానే ఉంది. కొత్త సీలు అంచుకు నూనె రాసి, పైపు ముక్క ఆనించి చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టాడు.

నూనె మార్చేటప్పుడు ముందు పక్కనున్న నింపే ప్లగ్గు విప్పండి, ఆ తరవాతే కింది ప్లగ్గు. కింద ఖాళీ చేశాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే కూలబడుతుంది. మాకు రెండు లీటర్లు ఉండాల్సిన చోట అర లీటరు కూడా రాలేదు. పాత నూనెలో బూడిదరంగు మడ్డి ఉంటే అది అరుగుదల, భయం లేదు. ఇనప పెచ్చులు దొరికితే పళ్ళు విరిగినట్టు. పాలలాగా తెల్లగా వస్తే నీళ్ళు చేరినట్టు. కొత్తది బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి, షాపువాడు ఏది చేతికిస్తే అది కాదు. సమతలం నేల మీద నిలిపి, నింపే కన్నం అంచుదాకా వస్తే చాలు. ఎక్కువ పోసినా కారుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాం. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ బండి కిందికి దూరవద్దు. చక్రాలకు రాళ్ళు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు గానీ గట్టి దుంగలు గానీ ఆనించి, బండిని ఊపి చూసి అప్పుడే పడుకోండి. తీసిన నూనె కాలవలో పోయకండి, డబ్బాలో పట్టి పాత నూనె కొనేవాడికి ఇవ్వండి.

మొత్తం ఖర్చు కూలితో కలిపి రెండు వేలకు లోపే. అమ్మేద్దామన్నవాళ్ళు మాట్లాడలేదు.

ఇందులో సంఘం పనేంటి అంటారా? 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అందులో వాహనాలతోపాటు వ్యవసాయ పనిముట్లనూ చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్ తెరిస్తే మన చేతికి మాన్యువల్ రాదు. తెలుగులో మాన్యువల్ కావాలి, పాత బండ్లకు అసలు విడిభాగాలు మండల కేంద్రంలో దొరకాలి. అమెరికాలో కొలరాడో రైతులు తమ యంత్రాలు తామే బాగుచేసుకునే హక్కు కోసం కొట్లాడి చట్టం తెచ్చుకున్నారు, అది 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా ట్రాక్టరు భాగాల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గించారు. పికప్ భాగాల మీద 28 నుంచి 18కి తగ్గించి ఊరుకున్నారు. మా పికప్ మోసేది కూడా పంటే కదా. ఈ ముక్క తీర్మానంలో చేర్చమని అడుగుతున్నాం.

ఆ రోజు సాయంత్రం మేం ఐదుగురం ఆ పిల్లోడి ఇంటికి పోయాం. వాళ్ళ నాయన కుర్చీలు వెయ్యలేదు, గడపలోనే నిలబెట్టాడు. తప్పు మాదని చెప్పాం. వాడు ఏమీ అనకుండా లోపలికి పోయి చొక్కా వేసుకొచ్చి తాళాలు తీసుకున్నాడు. ఇప్పుడు ప్రతి కోతకు ముందు బండి కిందికి దూరి బ్రీదర్ చూసేది వాడే, మాకు చూపించేదీ వాడే.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మా ఊరి చింతచెట్టు కింద బండి విప్పి చూపిస్తాం. మీ బండి కారుతుంటే తోలుకు రండి, పాత గుడ్డలు, పిడికెడు ముగ్గుపిండి మర్చిపోవద్దు.