బొంత చదరమును పెంచుట, తగ్గించుట

రాయలసీమలో చీర పాతపడినంత మాత్రమున దాని పని ముగియదు. కర్నూలు, కడప సీమల పల్లెలలో పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి, పెద్ద సూదితో వరుసవరుసలుగా కుట్టి బొంత చేయుట తరతరాల అలవాటు. ఆదోనికి పడమట కన్నడ సీమలో దీనినే కౌది యందురు. వంగదేశపు కాంథాయు ఈ కోవకు చెందినదే.

పైపొర ఒకే చీరయైనచో చిక్కు లేదు. ముక్కలు చేర్చి చదరములుగా కుట్టి, ఆ చదరములను వరుసలుగా కలుపునపుడే కొలతల పేచీ వచ్చును. పొరుగింట చూచిన చదరము బాగున్నది. మన మంచమునకు కొంచెము పెద్దది కావలెను. ముక్కలన్నింటిని అవే పాళ్ళలో పెంచి కోయుదుము. తీరా కలిపి చూడగా బొంత అనుకొన్న కొలతకు రాదు. కుట్టిన చేతిని నిందించుట వాడుక గాని, లోపము లెక్కలో నున్నది.

అమ్మమ్మ చీర ఒక్కటే యుండును. తప్పు కొలతకు కత్తిరించినచో మరల దొరకదు. కావున కత్తెర పట్టకముందే ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: చదరము పెరిగినను, తగ్గినను, కుట్టులోనికి పోవు బట్ట మారదు.

కుట్టు ముగిసిన పిదప 9 అంగుళములుండు చదరమును తీసికొందము. అడ్డము మూడు, నిలువు మూడు చొప్పున తొమ్మిది ముక్కలు. ఒక్కొక్క ముక్క 3 అంగుళములు కనబడును. నాలుగు వైపుల పావేసి అంగుళము కుట్టులోనికి పోవును గనుక ముక్కను మూడున్నర అంగుళములకు కోయవలెను. దీనిని 12 అంగుళముల చదరముగా పెంచవలెనన్న, కనబడు ముక్క 4 అంగుళములు, కోయవలసినది నాలుగున్నర. వడ్డీ లెక్కలలో ఆరితేరినవారే ఇచ్చట ఎక్కువగా మోసపోవుదురు. తొమ్మిదికి మూడవ వంతు కలిపిన పన్నెండు గదా యని, మూడున్నరకును మూడవ వంతు కలిపి కోయుదురు. అప్పుడు చదరము పన్నెండున్నర అంగుళములగును. ఒక్క చదరములో అర అంగుళము కంటికి ఆనదు. ఆరు చదరముల వరుసలో 3 అంగుళములు మిగులును. 6 అంగుళములకు తగ్గించునపుడు ఇదే లెక్క తిరగబడి, ఆరు చదరములకు 3 అంగుళములు తరుగును. కనబడు కొలతను ముందు మార్చుకొని, అర అంగుళమును చివర కలిపినచో ఈ బాధ లేదు.

1956 నాటి చట్టముతో మెట్రిక్ కొలతలు వచ్చి బట్ట మీటర్లలో అమ్ముడుపోవుచున్నను, దర్జీ టేపుపై అంగుళములు నేటికిని ఉన్నవి. రెంటిలో దేనితోనైనను కొలువవచ్చును. ఒకే బొంతలో రెంటిని కలుపరాదు.

ఇక బట్ట సంగతి. పాత చీరను వెలుతురునకు అడ్డముగా పట్టి చూడుడు. పోగులు పలుచబడి వెలుగు దూరు చోటును విడిచివేయవలెను. పోగులు జారు బట్టకు పావు అంగుళము చాలదు. అర అంగుళము విడుచుట మేలు. అప్పుడు ముక్కకు కలుపవలసినది అర అంగుళము గాక ఒక అంగుళము. చాలని చోట క్రొత్త నేతబట్ట చేర్చు వారు కలరు. 1938లో మాచాని సోమప్ప గారు నెలకొల్పిన చేనేత సహకార సంఘముతో పేరు పొందిన ఎమ్మిగనూరు మన సీమలోనిదే గనుక మంచి నూలుబట్టకు కొదువ లేదు. అయితే క్రొత్త బట్టను ముందుగా నీట నానవేసి, ఉతికి ఆరవేయవలెను. లేనియెడల మొదటి ఉతుకులోనే అది ముడుచుకొని, ప్రక్కనున్న పాత ముక్కను లాగి చింపును. ఎరుపు, నలుపు రంగులు దిగునేమో కూడ అప్పుడే తెలియును.

రెండు త్రికోణములు కలిసిన చదరమునకు ఈ అర అంగుళపు లెక్క చాలదు. కనబడవలసిన కొలతకు ఒక అంగుళము కలిపి రెండు రంగుల చదరపు ముక్కలు కోసి, ఒకదానిపై నొకటి పెట్టి, మూల నుండి మూలకు గీత గీసి, గీతకు ఇరువైపుల పావు అంగుళము దూరమున కుట్టి, గీత వెంబడి కోసినచో రెండు చదరములు వచ్చును. వాని అంచులను కొలతకు సరిచేసికొనవచ్చును.

బిడ్డ ఎదిగి బొంత చాలనపుడు కుట్లు విప్పుట మాకు సమ్మతము కాదు. చుట్టును చీర అంచు చేర్చిన చాలును. 36 అంగుళముల వెడల్పు 48 కావలెనన్న ఒక్కొక్క వైపున 6 అంగుళములు కనబడవలెను. పట్టీని ఆరున్నరకు కోయుడు. అడుగు పొరలను మాత్రము పైపొరకంటె నాలుగు వైపుల రెండేసి అంగుళములు పెద్దవిగా పరచి, నడుమ నుండి అంచులకు కుట్టుకొనుచు రావలెను. మిగిలిన బట్టను చివర పైకి మడిచి అంచు కట్టవచ్చును.